అలవాటైన బండి



మంచి మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్లి "ఏదో తేడాగా ఉందండీ" అని మొదలుపెట్టి చూడండి. అతను మీ మాట పూర్తిగా వినడు. తాళం ఇమ్మంటాడు. సందు చివరిదాకా వెళ్లి ఒక రౌండ్ వేసి వస్తాడు. దిగీ దిగకముందే మొదలుపెడతాడు. వెనక బ్రేకు పట్టడం లేదు, హ్యాండిల్ ఎడమకి లాగుతోంది, క్లచ్ జారుతోంది అంటాడు. మీరు వెళ్లింది ఈ మూడింటిలో దేనికోసమూ కాదు. సెల్ఫ్ సరిగ్గా తిరగడం లేదని వెళ్లారు. ఏళ్ల తరబడి ఆ సీటు మీద కూర్చుంటున్నది మీరు. అతను కూర్చున్నది రెండు నిమిషాలు.

అతని పనితనం అందులో ఉంది, కాదనను. కానీ అసలు సంగతి వేరే ఉంది. అతను పొద్దున ఒక స్ప్లెండర్ నడుపుతాడు, దాని వెనకే ఒక పల్సర్, మధ్యాహ్నానికి ఒక బుల్లెట్. పోల్చుకోవడానికి అతని చేతికీ కాలికీ రోజూ నాలుగు బళ్లు దొరుకుతాయి. మనకున్నది ఒకటే. అది రోజుకింత అరుగుతుంటే మనమూ రోజుకింత సర్దుకుపోతాం. ఇంట్లో తిరిగే పిల్లాడు ఎదుగుతున్నట్టు తల్లికి కనిపించదు. ఏడాదికోసారి వచ్చే మేనత్త మాత్రం గుమ్మంలోనే "ఎంత పొడుగయ్యాడే" అంటుంది.

ఈ పూట నేను చెప్పబోయేది కొత్తగా బండి నేర్చుకునేవాళ్లకి కాదు. ఏళ్లుగా రోజూ ఆఫీసుకో, ఫ్యాక్టరీకో, బడికో బండి మీద వెళ్లి వస్తున్నవాళ్లకి. మనకి గేరు వేయడానికి ఆలోచన అక్కర్లేదు, కాలే వేసేస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. కొత్తవాడికి బ్రేకు కాస్త లోతుకి దిగితే భయమేసి షెడ్డుకి తీసుకెళ్తాడు. అనుభవం ఉన్నవాడి కాలు తనకి తెలియకుండానే ఒక క్షణం ముందుగా నొక్కడం మొదలుపెడుతుంది. క్లచ్ జారుతుంటే చెయ్యి యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తిప్పుతుంది. లోపం బండిలో అలాగే ఉంటుంది, నడిపేవాడు దాన్ని కప్పుతూ పోతాడు. ఎంత నేర్పరి అయితే అంత బాగా కప్పుతాడు. అందుకే బండి విషయంలో "నాకు తెలుస్తుందిలే" అనే మాటని నేను నమ్మను. కొలిచి చూసుకోవాలి.

కొలవడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ముందుగా కావలసింది ఒక చిన్న పుస్తకం, లేదా ఫోనులో ఒక పేజీ. బంకుకి వెళ్లినప్పుడల్లా వందకో రెండు వందలకో పోయించుకోవడం మనలో చాలామందికి అలవాటు. అలా పోయిస్తే బండి ఎంత తాగుతోందో ఎప్పటికీ తేలదు. నెలకోసారైనా ట్యాంకు నిండా పోయించి మీటరు చూసి రాసుకోండి. మళ్లీ నిండా పోయించిన రోజున, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించండి. ఒక నెల అంకెతో ఏమీ తెలియదు. వరసగా నాలుగైదు నెలలు రాస్తే మీ బండి తీరు మీకు అర్థమవుతుంది. అరవై ఇచ్చేది యాభై మూడుకి దిగిందనుకోండి. టైర్లో గాలి తగ్గిందా, బ్రేకు షూ డ్రమ్ముకి రాసుకుంటోందా, క్లచ్ ప్లేట్లు జారుతున్నాయా అన్నది ఆ అంకె చెప్పదు. ఏదో జరుగుతోందని మాత్రం మీ చేతికంటే ముందే చెప్తుంది.

మైలేజీ మాట వచ్చింది కాబట్టి ఇథనాల్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోలుకంటే సుమారు మూడో వంతు తక్కువ. అంటే అచ్చమైన పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం తేడా లెక్కలోనే వస్తుంది. ఇంతకుముందు మనం పోయించుకున్నదాంట్లోనూ పది శాతం దాకా కలిసే ఉండేది కాబట్టి మన అనుభవానికి వచ్చే తేడా అందులో సగం ఉండాలి. అంతకుమించి మైలేజీ పడిపోయి, తప్పంతా పెట్రోలు మీదకి నెట్టేస్తున్నారంటే మీరు బండిలో వెతకడం మానేశారన్నమాట. ఇంకో జాగ్రత్త ఉంది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. కార్బొరేటర్ ఉన్న పాత బళ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు దానికి తట్టుకునేలా చేసినవి కావు. ట్యాంకు నుంచి కార్బొరేటర్‌కి వెళ్లే ఆ చిన్న గొట్టాన్ని వేలితో వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. దాని ఖరీదు పెద్దదేమీ కాదు, వేడెక్కిన ఇంజిన్ మీద పెట్రోలు కారితే మాత్రం నష్టం చాలా పెద్దది.

బ్రేకుల దగ్గర కాసేపు ఆగుదాం.

డ్రమ్ బ్రేకు ఉన్న బండికి వెనక చక్రం పక్కన, బ్రేకు రాడ్ చివర ఒక నట్టు ఉంటుంది. పెడల్ లోతుకి దిగిందనిపించినప్పుడల్లా దాన్ని రెండు చుట్లు బిగిస్తాం. మళ్లీ కాలికి గట్టిగా తగులుతుంది, బాగుపడిందనుకుంటాం. కానీ నట్టు బిగించినంత మాత్రాన అరిగిపోయిన షూకి మందం రాదు కదా. చాలా బళ్లకి డ్రమ్ము ప్లేటు మీద, బ్రేకు లివరు తిరిగే చోట ఒక బాణం గుర్తు ఉంటుంది. పెడల్ పూర్తిగా నొక్కి పట్టినప్పుడు ఆ బాణం ప్లేటు మీదున్న గుర్తుని చేరిందంటే షూలు అయిపోయినట్టే. ఒక మనిషిని నొక్కమని చెప్పి, మీరు వంగి చూస్తే చాలు. నట్టు బిగించడం వచ్చినవాళ్లు ఊరినిండా ఉన్నారు. బాణం చూసేవాళ్లు మాత్రం నాకు అరుదుగా కనిపించారు.

డిస్క్ బ్రేకు ఉన్నవాళ్లు ప్యాడ్లు చూస్తారు, ఆయిలు మర్చిపోతారు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటూ ఉంటుంది. తేమ చేరినకొద్దీ అది మరిగే వేడి తగ్గుతుంది. ఘాట్‌లో దిగుతూ బ్రేకు పట్టుకునే ఉన్నప్పుడు లోపల ఆవిరి బుడగలు పుడితే లివరు మెత్తగా చేతిలోకి వచ్చేస్తుంది, చక్రం ఆగదు. రెండేళ్లకోసారి మార్చమని కంపెనీలు చెప్పేది అందుకే. డబ్బా మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, మీ బండి మూత మీద ఏది రాసి ఉందో అదే పోయించండి. తేనె రంగులో ఉండాల్సింది కాఫీ రంగుకి వచ్చిందంటే ఇప్పటికే ఆలస్యమైంది.

ఇక ముందు బ్రేకు. "ముందు బ్రేకు వేస్తే తిరగబడతాం" అన్న మాట చిన్నప్పుడు సైకిలు మీద విన్నది, మోటారు సైకిలుకీ తెచ్చుకున్నాం. బ్రేకు పడగానే బండి బరువు ముందుకి వాలుతుంది. ముందు టైరు రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికైపోతుంది. తేలికైన చక్రం మీదే భారమంతా వేస్తే అది లాక్ అయి జారుతుంది. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. మీరు చూసి, నొక్కాలని అనుకునే లోపే ఒక ఆటో, ఒక కారు నిలిచేంత చోటు దాటేస్తారు. మిగిలిన దూరంలో ఆపాల్సింది ప్రధానంగా ముందు బ్రేకే. ఒక్కసారిగా గుంజకూడదు, ముందు తాకించి, బరువు ముందుకి వచ్చాక పిండినట్టు బిగించాలి. ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద అప్పుడప్పుడూ సాధన చేయండి. అనుభవం ఉన్నవాళ్లకి ఇది కొంచెం నామోషీగా ఉంటుంది, ఉండనివ్వండి.

2019 ఏప్రిల్ తరవాత అమ్మిన బళ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, ఆ లోపువాటికి కనీసం సీబీఎస్ ఉంటాయి. పాత బండి అమ్మి కొత్తది కొన్నవాళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. సీబీఎస్ బండిలో వెనక పెడల్ నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. ఇసుక పడిన మలుపులో "వెనకదే కదా" అని నొక్కితే పాత బండిలాగా ఉండదు. ఏబీఎస్ అని రాసి ఉన్నా చాలా బళ్లలో అది ముందు చక్రానికొక్కదానికే. వెనక చక్రం ఎప్పటిలాగే జారుతుంది.

టైర్ల విషయానికొస్తే, గాలి తక్కువైందని మనకి తెలిసేసరికి అది తక్కువై చాలా రోజులవుతుంది. వేలితో నొక్కి చూడటం, బూటుతో తన్ని చూడటం వల్ల ఏమీ తెలియదు. సొంతంగా ఒక గేజి కొనుక్కుని, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవడం మేలు. 100 సీసీ బళ్లు చాలావాటికి ఒక్కరే వెళ్తే ముందు 25, వెనక 28 చెప్తారు. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకి ఇంకా ఎక్కువ కావాలి. మీ బండికి ఎంతన్నది దానితో ఇచ్చిన పుస్తకంలోనో, చైన్ కవర్ మీద అంటించిన స్టిక్కర్ మీదో ఉంటుంది. పంక్చర్ షాపు అబ్బాయిని "ఎంత పెట్టమంటావు" అని అడిగే పనే లేదు. రోజూ తిన్నటి హైవే మీద వెళ్లే బండికి వెనక టైరు మధ్యలో చదునుగా అరుగుతుంది. పక్కల గాళ్లు కొత్తగానే కనిపిస్తాయి కాబట్టి ఇంకా ఉందిలే అనుకుంటాం. అలాంటి టైరుతో మలుపు తిరిగేటప్పుడు బండి ఒక అంచు మీదనుంచి దిగినట్టు ఒక్కసారిగా పడుతుంది. రోజూ నడిపేవాడికి ఆ కుదుపు మలుపులో భాగమైపోతుంది, టైరు మార్చాక గానీ తెలియదు. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఒకటి ఉంటుంది. 3422 అంటే 2022వ సంవత్సరం 34వ వారంలో తయారైందని. కొత్త టైరు కొనేటప్పుడు ధరతో పాటు అదీ చూడండి.

చైన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. మన కమ్యూటర్ బళ్లలో చాలావాటికి చైన్ కనపడదు, పూర్తిగా కవర్ మూసేసి ఉంటుంది. దుమ్ము పడకుండా మంచిదే, కానీ కనపడని దాన్ని మనిషి మర్చిపోతాడు. కవర్ మీద చిన్న రబ్బరు మూత ఉంటుంది. అది తీసి వేలు పెట్టి చైన్‌ని పైకీ కిందకీ ఆడించి చూడాలి. సుమారు అంగుళం ఆడాలి. మీ బండి పుస్తకంలో మిల్లీమీటర్ల లెక్క సరిగ్గా ఉంటుంది. ఒకే చోట చూసి వదిలేయకండి. చైన్ అంతటా ఒకేలా సాగదు. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ ఎక్కడ బిగువుగా ఉందో కనిపెట్టి, ఆ చోటుని బట్టి సరిచేయాలి. వదులైన చోటు చూసి బిగిస్తే, బిగువైన చోటు వచ్చినప్పుడల్లా గేరుబాక్సు బేరింగ్ మీద లాగుడు పడుతుంది. చప్పుడు వస్తుంటే బిగించేయమని మెకానిక్‌తో చెప్పేవాళ్లు ఉంటారు. వదులు చైన్ అరగదీసేది చైన్‌నే, అతిగా బిగించిన చైన్ పాడుచేసేది ఇంజిన్‌ని. బిగించేటప్పుడు రెండు వైపులా గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో మీరే చూడండి. ఒక గీత అటూ ఇటూ అయితే చక్రం వంకరగా కూర్చుని, బండి ఒక పక్కకి లాగుతుంది. నడిపేవాడి భుజం దానికీ అలవాటు పడిపోతుంది. చైన్ సాగిపోయాక ఒక్క చైన్ మార్చి, అరిగిన స్ప్రాకెట్లు అలాగే ఉంచితే కొత్త చైన్ కూడా త్వరలోనే పోతుంది. మూడూ కలిపి సెట్టుగా మార్చాలి.

నేనుండేది విశాఖపట్నం. ఇక్కడ ఈ అరుగుదలకి తోడు సముద్రం ఉంది. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో బండి బయట పెడితే తెల్లారేసరికి సీటు మీద జిగట తేమ ఉంటుంది. ఆ ఉప్పు గాలి ముందు పట్టేది మనం చూడని చోట్లనే. సైడ్ స్టాండు స్ప్రింగు, స్పోకులు రిమ్ములో దిగే చోటు, సైలెన్సర్ కింది భాగం, బ్యాటరీ టెర్మినళ్లు, హెడ్‌లైట్ వెనక వైర్లు కలిసే క్లిప్పులు. వీటన్నిటినీ అది లోపల్లోపల తినేస్తుంటుంది. స్ప్రింగు తుప్పు పట్టి సాగితే స్టాండు పూర్తిగా పైకి లేవదు. ఎడమ మలుపులో అది రోడ్డుకి తగిలిందంటే బండి పల్టీ కొడుతుంది. వారానికోసారి ఒక బకెట్టు మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఇనుము కనపడే చోట ఆయిలు గుడ్డ తిప్పితే చాలు. వాటర్ సర్వీసింగ్ అని ప్రెషర్ గన్‌తో చక్రాల మధ్య బేరింగుల మీదకి నేరుగా కొట్టించుకోవడం నాకు నచ్చదు. నీళ్లు గ్రీజుని తోసేసి అక్కడే నిలిచిపోతాయి. కడిగాక మెరవడానికి డీజిల్ చల్లించుకునేవాళ్లున్నారు. ఆ చల్లింది టైరు మీదా డిస్కు మీదా కూడా పడుతుంది. మెరుపు సాయంత్రానికి పోతుంది, బ్రేకు ప్యాడ్‌లోకి ఇంకిన నూనె పోదు.

పోర్టు వైపు తిరిగే బళ్లకి ఇంకో బాధ, బొగ్గు దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ తీసి గాలి కొట్టించి మళ్లీ పెట్టడం మన షెడ్లలో మామూలే. కొత్త బళ్లు చాలావాటికి ఫిల్టర్ కాగితానికి నూనె పట్టించి ఉంటుంది. దాన్ని గాలి కొట్టి శుభ్రం చేయకూడదు, మార్చాల్సిందే. పుస్తకంలో కిలోమీటర్లు రాసింది మామూలు రోడ్లకి. షీలానగర్ నుంచి పోర్టు రోడ్డు మీద రోజూ వెళ్లేవాళ్లు అంతవరకు ఆగనక్కర్లేదు.

ఇంజిన్ ఆయిలు గురించి రెండే మాటలు. మోటారు సైకిల్లో ఇంజిన్‌కీ, గేర్లకీ, క్లచ్‌కీ ఒకటే ఆయిలు. కారు ఆయిలు ఖరీదైనది కదా, ఇంకా మంచిదని పోసేవాళ్లున్నారు. అందులో రాపిడి తగ్గించడానికి కలిపేవి క్లచ్ ప్లేట్లని జారేలా చేస్తాయి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నది తీసుకోవాలి. రెండోది, లెవెల్ చూడటం. బండిని పెద్ద స్టాండు మీద చదునైన చోట నిలబెట్టి, కాసేపు ఇంజిన్ నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలాగి చూడాలి. పుల్ల పెట్టి చూసే బళ్లలో చాలావాటికి పుల్లని మర తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి. బిగించి తీస్తే లేని ఆయిలు ఉన్నట్టు కనిపిస్తుంది. సైడ్ స్టాండు మీద చూసిన లెవెల్ లెక్కలోకే రాదు.

ఇప్పటిదాకా బండి గురించే మాట్లాడాం. హెల్మెట్ కూడా బండితో పాటే అరుగుతుంది, దాన్నెవరూ సర్వీసింగుకి ఇవ్వరు. కొన్నప్పుడు చెంపలని బిగించి పట్టిన మెత్త నెమ్మదిగా అణిగిపోతుంది. ఒకనాడు తల ఊపితే హెల్మెట్ వేరేగా ఊగుతుంది, అయినా అదే పెట్టుకుని వెళ్తుంటాం. స్ట్రాప్ బిగించి, వెనకనుంచి పట్టి ముందుకి తోసి చూడండి. ఊడి వచ్చేస్తే పడ్డప్పుడూ ఊడుతుంది. ముందు అద్దం మీద గీతలు పగలు కనపడవు. రాత్రి ఎదురుగా హై బీమ్ పడితే ప్రతి గీతా ఒక వెలుగు చారలా చెదిరి, ఆ చారల వెనక నడిచే మనిషి మాయమవుతాడు. కళ్లు మందగించాయనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఆ అద్దం మార్చి చూడండి. వైజర్ ఒక్కటీ విడిగా దొరుకుతుంది. హెల్మెట్‌ని బండి అద్దానికి తగిలించి వదిలేసే అలవాటు కూడా మంచిది కాదు. దెబ్బని పీల్చుకునేది లోపలి థర్మోకోల్ పొరే, అద్దం కాడ దిగిన చోట అది నొక్కుకుపోతుంది. ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడం 2021 జూన్ నుంచి దేశమంతటా నిషేధం. రోడ్డు పక్క కుప్పలుగా పోసి అమ్మేవాటి సంగతి మీకే తెలుసు.

అలవాటు రోడ్డు విషయంలోనూ ఇదే పని చేస్తుంది. రోజూ వెళ్లే దారిలో మన కళ్లు నిన్న చూసినదాన్నే ఇవాళా చూస్తాయి. స్పీడ్ బ్రేకర్ ఎక్కడుందో చూడకుండానే చెయ్యి వదులుతుంది. నిన్న రాత్రి తవ్విన గొయ్యి మాత్రం ఆ లెక్కలో ఉండదు. ఒక చిన్న విషయం చెప్తాను, మా ఊరివాళ్లకి బాగా తగులుతుంది. గాజువాక ఊరికి నైరుతి దిక్కున ఉంది. అక్కడినుంచి పొద్దున ఎన్ఏడీ కూడలి వైపు బయల్దేరినవాళ్లకి సూర్యుడు ఎదురు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఎదురే. మధురవాడ ఈశాన్యాన ఉంది కాబట్టి అటునుంచి ఊళ్లోకి వచ్చేవాళ్లకి రెండు పూటలా ఎండ వీపు మీదే. వాళ్లు హాయిగా ఉన్నామనుకుంటారు. కానీ ఎదురుగా వచ్చే లారీవాడి కళ్లలో ఆ ఎండ పడుతుంది. మీకు అన్నీ స్పష్టంగా కనిపించే ఆ వేళలోనే మీరు అతనికి కనిపించరు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లకి పగలు కూడా హెడ్‌లైట్ వెలుగుతూనే ఉండేలా పెట్టింది ఇలాంటి చోట్ల పనికొస్తుంది. పాత బండి ఉన్నవాళ్లు ఆ పూట లైటు వేసుకుంటే పోయేదేమీ లేదు. "లైటు వెలుగుతోందండీ" అని ఎవరో ఒకరు సైగ చేస్తారు, చేయనివ్వండి.

ఫ్యాక్టరీల షిఫ్టులు మారే వేళ కూర్మన్నపాలెం నుంచి గాజువాక వైపు హైవే మీద బళ్లూ ట్రైలర్లూ కలిసే వెళ్తాయి. పొడవాటి ట్రైలర్ ఎడమకి తిరిగేటప్పుడు ముందు క్యాబిన్ ఎంత విశాలంగా తిరిగినా వెనక చక్రాలు అదే దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. మలుపు దగ్గర దాని ఎడమ పక్కన కనిపించే ఖాళీ చోటు ఖాళీ కాదు. ఇంకో నాలుగు సెకన్లలో అక్కడికి చక్రాలు వస్తాయి. కొత్తవాళ్లు లారీ పక్కకి వెళ్లడానికే భయపడతారు. అందులోకి దూరేది మనలాంటి నేర్పరులే. డ్రైవర్ అద్దం మీకు కనపడకపోతే మీరూ అతనికి కనపడరు. వెనకే ఆగిపోవడం ఉత్తమం.

వానాకాలం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, ఒక్కటి తప్ప. నీళ్లలో బండి ఆగిపోతే సెల్ఫ్ నొక్కకండి. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే గాలిలాగా అవి నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోసుకుంటూ బయటికి తెచ్చి, ప్లగ్గు విప్పించి చూపించండి.

మరి బండి లోపాలకి అలవాటు పడిపోవడం నుంచి బయటపడేదెలా? నా దగ్గరున్న ఉపాయం చాలా చవకైనది. మీ ఆఫీసులో అదే మోడల్ బండి ఉన్నవాళ్లు ఒకరుంటారు. స్ప్లెండర్ 1994 నుంచి ఉంది కాబట్టి అది ఉన్నవాళ్లకి జత దొరకడం అసలు కష్టం కాదు. నెలకోసారి ఒక పూట బళ్లు మార్చుకోండి. ఎదుటివాడి బండి ఎక్కగానే మీకు తెలిసేవి రెండు రకాలు. అతని బండిలో ఉన్న లోపాలు, మీ బండిలో ఉన్న లోపాలు. అతని క్లచ్ రెండు వేళ్లకి వస్తుంటే మీ కేబుల్ ఎండిపోయిందని అర్థం. అతని బండి గతుకులో ఒకసారి ఊగి ఆగిపోతుంటే, మీది మూడుసార్లు ఊగడం మామూలు సంగతి కాదని అర్థం. ముందు షాక్ అబ్జార్బర్ గొట్టం మీద నూనె చార ఉందేమో అప్పుడు వంగి చూస్తారు. సాయంత్రం తాళాలు ఇచ్చేటప్పుడు ఇద్దరూ మొహమాటం లేకుండా చెప్పుకోవాలి, అదొక్కటే నియమం. "నీ బ్రేకు చూపించుకోరా" అని చెప్పగల స్నేహితుడు లేకపోతే, ఆ మెకానిక్ వేసే రౌండ్‌కే విలువ ఇవ్వండి. అతను తాళం అడిగినప్పుడు "పెట్రోలు తక్కువుంది" అనకండి.

మీ బండిని ఇంతే శ్రద్ధగా చూసే మనిషి ఇంకొకడున్నాడు, అమ్మకానికి పెట్టినప్పుడు వచ్చే కొనుగోలుదారు. టైరు గాళ్లు, చైన్ చప్పుడు, సైలెన్సర్ పొగ, హ్యాండిల్ తిప్పితే మధ్యలో పట్టే చోటు, అన్నీ అయిదు నిమిషాల్లో చూసి ఒక్కొక్కదానికీ కొంత తగ్గిస్తాడు. ఆ బేరం మీరూ అతనూ చూసుకోండి. నేను చెప్పాలనుకున్నది దాని తరవాతి పని గురించి. డబ్బు తీసుకుని, ఒక కాగితం మీద సంతకాలు చేసి, తాళం ఇచ్చి పంపేయడం మనవాళ్లకి బాగా అలవాటు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి కొన్నవాడి చేతిలో పెడితే పని అయిపోదు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోపు ఆ సంగతి రవాణా శాఖకి తెలియజేయాల్సింది అమ్మినవాళ్లే. ఆర్సీలో పేరు మారనంత కాలం చట్టం దృష్టిలో యజమాని మీరే. బండి చేతులు మారినా రిజిస్ట్రేషన్ మారకపోతే ప్రమాదంలో పరిహారం బాధ్యత రిజిస్టరు అయిన యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చి చెప్పింది. ఇన్సూరెన్సు కూడా చూసుకోండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అయిదేళ్లది తప్పనిసరిగా ఇస్తున్నది థర్డ్ పార్టీ వరకే. మన బండికి జరిగే నష్టానికి వర్తించే భాగం చాలామందికి ఏడాదికే ముగిసి ఉంటుంది, అయిదేళ్లూ అన్నీ ఉన్నాయనుకుంటూ తిరుగుతుంటారు. పేరు మారిందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు. మారేదాకా వారానికోసారి చూడండి. ఈలోగా కొత్త యజమాని హెల్మెట్ లేకుండా ఏ సిగ్నల్ దాటినా, ఫోటోతో సహా చలానా మెసేజీ వచ్చేది మీ ఫోనుకే.